గేదెకి సేమ్యా ఐసు ఎలా వచ్చింది?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల చేత ఐస్‌క్రీం మీద కథలు రాయించాం. "నిజంగా జరగనిది, నవ్వొచ్చేది రాయండి" అని మాత్రమే చెప్పాం. బడిలో మొదలుపెట్టి, మిగతాది ఇంటి దగ్గర పూర్తిచేసి తెచ్చారు. ఒక్కటీ వదలకుండా అన్నీ చదివాను.

ఐదో తరగతి బాబు కథ వినండి. వాళ్ళ గేదె ఎండకి తాళలేక ఐసుబండి వెంటపడి, డబ్బా మొత్తం ఖాళీ చేసేసిందట. సాయంత్రం తాతయ్య పాలు పితకబోతే చెంబులో టప్‌మని సేమ్యా ఐసు పడింది. మర్నాటి నుంచి తాతయ్య చెంబు మానేసి, పుల్లల కట్ట పట్టుకుని కూర్చుంటున్నాడు. పాలకేంద్రంలో వెన్నశాతం చూడబోతే మిషన్‌కి జలుబు చేసి తుమ్మింది. ఇక్కడిదాకా పెన్సిల్‌తో ఉంది. ఆ కింద పెన్నుతో, "కావున మనం ఐస్‌క్రీం తినరాదు. పాలు ఆరోగ్యానికి మంచివి" అని ఉంది.

'తినరాదు' ఆ బాబు మాట కాదు. అడిగితే, "చివర నీతి లేకపోతే మార్కులు రావని ఇంట్లో చెప్పారు టీచర్" అన్నాడు.

ఇలాంటివి చాలా వచ్చాయి. మీరు పిల్లల మంచి కోరే చేశారు. ఆ అలవాటు నేర్పింది కూడా మేమే, పాఠం అయ్యాక "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడిగి అడిగి. కానీ ఆ గేదె మూడో రోజు ఏం చేసిందో తెలియకుండానే కథ ఆగిపోయింది. నాకు నిజంగా బాధేసింది.

మూడో తరగతి పాప కథకి ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఐసుబండి తాత వేపచెట్టు కింద కునుకు తీస్తుంటాడు. డబ్బాలో పుల్ల ఐసులు చలికి వణికిపోయి, ఎండలో కాసేపు కూర్చుందామని ఒక్కొక్కటే బయటికొస్తాయి. తాత లేచి చూస్తే పుల్లలే ఉన్నాయి. "మావాళ్ళు స్నానానికెళ్ళారు తాతా, ఇప్పుడే వస్తారు" అన్నాయి పుల్లలు. అంతే కథ. తరగతి మొత్తం పడీపడీ నవ్వింది.

కథలు రాయించే ముందు ప్రార్థన సమయంలో పిల్లలకి ఒక నిజం చెప్పాం. 1905లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫ్రాంక్ ఎపర్సన్ అనే 11 ఏళ్ళ అబ్బాయి తాగే సోడా చేసుకునే పొడి కలిపిన నీళ్ళ గ్లాసుని, కలిపిన పుల్లతో సహా రాత్రి ఆరుబయట మర్చిపోయాడు. ఆ చలికి తెల్లారేసరికి అది పుల్ల ఐసైపోయింది. పెద్దయ్యాక 1924లో దాని మీద పేటెంట్ తెచ్చుకున్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరైనా ఆ గ్లాసు కడిగి బోర్లించి ఉంటే? ఆ ప్రశ్న మాది కాదు, నాలుగో తరగతి పాప అడిగింది.

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. రోజూ అన్నాలయ్యాక ఓ పది నిమిషాలు మీ పిల్లల కథ వినండి. "గేదె ఐసెలా ఇస్తుంది?" అనకుండా "ఊఁ, తర్వాత?" అనండి. చిన్నపిల్లలైతే వాళ్ళు చెప్పింది చెప్పినట్టే మీరు రాసిపెట్టండి. ఒత్తులూ దీర్ఘాలూ బడి తెరిచాక మేం చూసుకుంటాం. అమ్మమ్మ, తాతయ్యల దగ్గరికి వెళ్తే నోటుబుక్కు సంచీలో పెట్టడం మర్చిపోకండి.

వచ్చే శనివారం సాయంత్రం 4 గంటలకి వేపచెట్టు కింద పిల్లలే తమ కథలు చదువుతారు. తప్పకుండా రండి. గేదె కథ రాసిన బాబుకి ఇంకో కాగితం ఇచ్చాం. చివర మళ్ళీ రాశాడు. శనివారం దాకా ఎవరికీ చూపించనని నా దగ్గర కూడా దాచేశాడు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు