అమ్మి మూడేండ్లైన బండికి ఇంకా నేనే ఓనరునట, మంత్రి గారూ!

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రజావాణిలో రెండుసార్లు అర్జీ పెట్టాను, జవాబు లేదు. అందుకే ఇట్లా నలుగురి ముందు రాయాల్సి వస్తోంది, తప్పుగా అనుకోవద్దు. రెండు అర్జీల రసీదులూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. రసీదులిచ్చే విషయంలో మన ప్రభుత్వానికి వంక పెట్టలేం.

మూడేండ్ల కింద నా స్ప్లెండర్ అమ్మాను. 2012లో కొన్న బండి, ఏపీ 15 నంబరు. పక్క మండలంలో పాలు పోసే ఒకాయన 22 వేలకు తీసుకున్నాడు. బండి అమ్మినట్టు తెలిపే ఫారం 29 రెండు కాపీల మీద, పేరు మార్చమని అడిగే ఫారం 30 మీద సంతకాలు పెట్టి, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం, ఆధార్ జిరాక్సు అన్నీ చేతిలో పెట్టాను. "వారంల పేరు మార్పించుకుంట సార్, మీరేం రంది పెట్టుకోకుండ్రి" అన్నాడు. ఆయన వారం ఇంకా గడవలేదు. ఫోన్ నంబరు మాత్రం రెండు నెలలకే మూగబోయింది. ఊరికి పోయి అడిగితే, బతుకుదెరువుకు ఎటో పోయిండన్నారు.

అప్పటి నుంచి చలాన్లు నా ఫోనుకే వస్తున్నాయి. ఇప్పటికి 11. మొన్నటిది తెరిచి ఫొటో చూశాను. హెల్మెట్ లేకుండా ఎవరో పిల్లగాడు, వెనక ఇద్దరు. పాలాయన కాదు, అంటే బండి మళ్లీ చేతులు మారినట్టుంది. వెనక మడ్‌గార్డు మీద మా అమ్మాయి చిన్నప్పుడు అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు, ఒక రెక్క ఊడిపోయి, అట్లాగే ఉంది. పక్కన పాల క్యాన్లు తగిలించడానికి కొత్తగా ఇనుప కొక్కేలు వెల్డింగ్ చేయించారు. దానికి డబ్బులు దొరికాయి, పేరు మార్పుకు దొరకలేదు.

నేను ఊరికే కూర్చున్నానని అనుకునేరు. అమ్మిన పదో రోజునే ఇంకో ఫారం 29 నింపి పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకు పోయాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం, బండి ఈ రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లో తెలపాలి. ఎవరి పని వాళ్లకు వేరుగానే రాసి పెట్టారు, 1988లోనే. కౌంటర్లో ఉన్నాయన నా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "కొన్నోడేడి?" అన్నాడు.

"రాలేదు సార్. నా వంతు నేను చెప్పడానికి వచ్చిన."

"ఒక్కరొస్తే కాదు. ఆయన్ని తోలుకొని రాండ్రి."

కాగితం వెనక్కి వచ్చింది. ముద్ర లేదు, నంబరు లేదు, నేను వచ్చినట్టు దాఖలా లేదు. చలాన్లు మొదలయ్యాక మళ్లీ పోతే ముందు అవన్నీ కట్టి రమ్మన్నారు. కట్టాక కూడా కొన్నవాడు రావాల్సిందేనట. పోలీస్ స్టేషన్‌కు పోతే, "దొంగతనం కాలేదు గదా, మీరే అమ్మిండ్రు, ఆర్టీఏకు పోండి" అన్నారు. ఆఫీసు బయట వేపచెట్టు కింద కూర్చునే ఏజెంటు ఒక్కడే ఓపిగ్గా విన్నాడు. "బండి పోయిందని కంప్లెయింట్ ఇయ్యి సార్, నేను చూస్కుంట" అన్నాడు. అబద్ధం చెబితే దారి ఉందట! లెక్కలు చెప్పుకుని బతికే మాస్టారును, ఈ వయసులో దొంగ కేసు పెట్టమంటారా?

చలాన్లంటే డబ్బుతో పోతాయి. నాకు నిద్ర పట్టనిది ఇంకో సంగతికి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకు తెలిసే ఉంటుంది. కారు ఒకరి నుంచి ఒకరికి అమ్ముడుపోతూ పోయింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటాయన పేరునే ఉండిపోయింది. ప్రమాదం జరిగాక, రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్లదేనని కోర్టు తేల్చింది. నా బండికి ఇప్పుడు ఇన్సూరెన్సు ఉందో లేదో ఎవరికెరుక? ఆ ముగ్గురు పిల్లలు రేపు ఎవరినైనా గుద్దితే నోటీసు మా ఇంటి తలుపుకే అతికిస్తారు. రాత్రి ఫోన్ మోగితే మా ఆవిడ ముందు నా ముఖం చూస్తుంది.

పోనీ, కోర్టు తప్పేముంది? అమ్మినట్టు చెప్పుకోమంది చట్టం. చెప్పడానికి వెళ్తే వినకుండా తిప్పి పంపింది మీ శాఖ. సకాలంలో చెప్పకపోతే జరిమానా ఉందట, అది కూడా నాకే వేస్తారేమో!

నేను అడిగేది పెద్ద పథకమేమీ కాదు. అమ్మినవాడు ఒక్కడే వచ్చినా ఫారం 29 తీసుకోండి, ముద్ర వేసి కాపీ ఇవ్వండి. రికార్డులో బండి నంబరు ఎదురుగా "అమ్మినట్టు తెలిపారు" అని ఒక మాట ఎక్కించండి, ఆ తేదీతో. బడ్జెట్ అక్కర్లేదు, శిలాఫలకం అక్కర్లేదు. ఆ బండిని పట్టుకున్నప్పుడు నడిపేవాడిని పేరు మార్చుకోలేదేమని అడగండి. చలాను కోసం ఫొటో తీసేంత దగ్గరగా నిలబడ్డవాళ్లు ఆ ఒక్క మాట అడగలేరా సార్? దయచేసి ఆ ముద్ర ఒక్కటి వేయించండి.

మూడో అర్జీ వచ్చే సోమవారం ఇస్తాను. పాత ఫారం 29 కూడా జత చేస్తాను, మడతలు పడి కొంచెం చిరిగింది, ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
మీ రికార్డుల ప్రకారం ఇంకా ఓనరునే అయిన
ఒక లెక్కల మాస్టారు, కరీంనగర్ జిల్లా