‘సెరటోనిన్ తగ్గింది’ అని చెప్పి ఊరుకుంటే చాలదు

సంపాదకులకు,

కుంగుబాటు, ఆందోళన గురించి ఆరోగ్య పేజీల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే మాట దగ్గర ఆగిపోతున్నాయి: మెదడులో సెరటోనిన్ (నాడీకణాల మధ్య కబురు మోసే రసాయనం) తగ్గింది, మాత్ర దాన్ని పెంచుతుంది. అంతే అయితే మాత్ర వేసుకున్న రోజే మనసు తేలికపడాలి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు నాడీకణం సెరటోనిన్‌ను తిరిగి లోపలికి లాక్కోకుండా గంటల్లోనే అడ్డుకుంటాయి. ఉపశమనం మాత్రం చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాలకు గాని తెలియదు.

ఈ ఆలస్యం అర్థం కావాలంటే రిసెప్టర్ల దాకా, అంటే కణం మీద ఆ కబురును అందుకునే భాగాల దాకా వెళ్లాలి. సెరటోనిన్ ఒక్కటే అయినా దాన్ని అందుకునే రిసెప్టర్లు ఏడు కుటుంబాల్లో కనీసం 14 రకాలున్నాయి. మెదడు కాండంలో సెరటోనిన్ తయారుచేసే కణాల మీదే 5-హెచ్‌టి1ఎ అనే రకం (5-హెచ్‌టి అంటే సెరటోనిన్‌కు పొట్టిపేరు) ఉంటుంది. బయట సెరటోనిన్ పెరిగిందని పసిగడితే కణానికి బ్రేకు వేయడం దాని పని. మందు మొదలుపెట్టగానే జరిగేది ఇదే. కొన్ని వారాలకు ఆ బ్రేకు అరిగాకే కణం మళ్లీ జోరందుకుంటుంది. ఆలస్యానికి ఇదొక్కటే కారణం కాదు గాని, ముఖ్యమైనది.

ఈలోగా మిగతా రిసెప్టర్లు ఊరుకోవు. పేగుల్లోనూ మెదడులోనూ ఉన్న 5-హెచ్‌టి3 వికారం తెస్తుంది. మొదట్లో కలిగే కంగారుకు 5-హెచ్‌టి2సి కారణమని భావిస్తారు. ఆందోళన తగ్గాలని వేసుకున్న మాత్రతో ఆందోళన పెరిగితే రోగి ఐదో రోజునే ‘పడలేదు’ అని మానేస్తాడు. అందుకే చాలామంది డాక్టర్లు ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 10కి పెంచుతారు. తిన్నాక వేసుకుంటే వికారం కొంత తగ్గుతుంది, వారం పది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. పాతికేళ్లలోపు వాళ్లను మాత్రం ఈ తొలి వారాల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి. చావు మాటలు వినబడినా, విపరీతమైన అస్థిమితం కనబడినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

ఈ వారాలు గట్టెక్కించడానికే ఆందోళనను త్వరగా తగ్గించే, కానీ అలవాటు పడే క్లోనాజెపామ్‌ను తోడుగా ఇస్తారు. ఇక్కడే అసలు చిక్కు. ఎస్సిటలోప్రామ్ 10, క్లోనాజెపామ్ 0.5 కలిపిన మాత్ర మన మందుల షాపుల్లో మామూలే. అందులో ఒకటి ఉంచి రెండోది తగ్గించే వీల్లేదు. రెండు మూడు వారాల్లో తగ్గించుకుంటూ రావాల్సిన క్లోనాజెపామ్ పాత చీటీ మీదే ఏళ్ల తరబడి నడుస్తుంది. చటుక్కున ఆపితే నిద్ర పట్టదు, వణుకు, కొందరికి ఫిట్స్. రెండూ విడివిడిగా రాస్తే రోజుకు ఒక మాత్ర ఎక్కువవుతుంది, అంతే కదా!

5-హెచ్‌టి1ఎ మీదే నేరుగా పనిచేసే ఆందోళన మందు బస్పిరోన్ 1986లోనే అమెరికాలో ఆమోదం పొందింది. 5 మిల్లీగ్రాములు రోజుకు రెండు మూడుసార్లతో మొదలుపెడతారు. మత్తు తక్కువ, అలవాటు పడరు. కానీ ఇదీ వారాలు తీసుకుంటుంది, పానిక్ అటాక్ వచ్చినప్పుడు వేసుకుంటే ప్రయోజనం లేదు. క్లోనాజెపామ్ మానేటప్పుడు వచ్చే ఇబ్బందులనూ ఆపదు. కుంగుబాటుకు ఇచ్చే మరో మందు మిర్టజపిన్ దారి వేరు: 5-హెచ్‌టి2, 5-హెచ్‌టి3లను మూసేస్తుంది కాబట్టి వికారం తక్కువ. హిస్టమిన్ అనే మరో రసాయనాన్నీ అడ్డుకోవడంతో నిద్ర, ఆకలి, బరువు పెరుగుతాయి. తిండి మానేసి చిక్కిపోయిన పెద్దవాళ్లకు వరం, ఇప్పటికే లావుగా ఉన్నవాళ్లకు ఇబ్బంది.

అరటిపండు తింటే సెరటోనిన్ పెరుగుతుందని రాసేవారికి ఒక మాట. పండులోని సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి దాటదు. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతం పేగుల్లోదే. కాబట్టి రక్తపరీక్షలో వచ్చే అంకెతో కుంగుబాటును తేల్చలేం.

ఇకపై ఇలాంటి వ్యాసం వేసినప్పుడు పక్కన చిన్న పెట్టె కట్టి ఇవి కూడా అచ్చువేయండి. సెరటోనిన్ మీద పనిచేసే ఈ మందులు వాడుతున్నవారు నొప్పులకు ట్రమడాల్, ఇన్ఫెక్షన్‌కు లినెజోలిడ్, దగ్గుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ సిరప్ తీసుకునే ముందు డాక్టరుకు చెప్పాలి. చెమటలు, వణుకు, జ్వరం, విరేచనాలు, మతి తప్పిన మాటలు కలిసి వస్తే అది సెరటోనిన్ మితిమీరడం వల్ల వచ్చే సెరటోనిన్ సిండ్రోమ్ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

— ఫార్మకాలజీ అధ్యాపకులు, గుంటూరు