వార్షిక నివేదిక: పిప్పిపన్ను నుంచి పార్లమెంటు దాకా

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన విశ్రాంత ఉద్యోగుల సంఘం ఈ ఏడాది ఎక్కువగా పళ్ల గురించే పనిచేసింది. నెలవారీ సమావేశాలు, కార్తీక వనసమారాధన, పింఛను కాగితాల సాయం ఎప్పటిలాగే సాగాయి.

గోదావరి లంక గ్రామాల్లో దంత పరీక్షా శిబిరం జూలైలో పెట్టాలనుకున్నాం. వరదకు సఖినేటిపల్లి రేవులో పంటు ఆగడంతో దసరా తరువాత జరిపాం. చాలామంది సగం వాడిన మాత్రల అట్టలు వెంట తెచ్చారు. పన్ను పోటెత్తితే మందుల షాపుకు వెళ్లడం, నొప్పి బిళ్లతో పాటు నాలుగు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ గొట్టం బిళ్లలు కొనడం, పోటు తగ్గగానే మానేయడం, మళ్లీ వస్తే మళ్లీ అదే షాపు. అమాక్సిసిలిన్ షెడ్యూల్ హెచ్ మందు. అంటే 1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారం డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. పైగా ఏ మాత్రా పిప్పిపన్నును బాగుచేయదు. లంక పొగాకు చుట్టలు కాల్చే పెద్దల నోళ్లను వైద్యులు ప్రత్యేకంగా పరిశీలించి, నోటి క్యాన్సర్ అనుమానం ఉన్నవారిని పెద్దాసుపత్రికి పంపారు.

అసలు మందులను బజారులోకి అనుమతించే వారిని ఎవరు తనిఖీ చేస్తారని శిబిరంలో ఒకరు అడిగారు. ఆ ప్రశ్న పట్టుకుని రెండు సమావేశాల్లో ఆరోగ్య శాఖపై పార్లమెంటు స్థాయీ సంఘం 2012 మేలో ఇచ్చిన 59వ నివేదికను చదివాం. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ పనితీరుపై వచ్చిన నివేదిక అది. పరిశీలనకు 42 మందుల ఫైళ్లు అడిగితే మూడింటి ఫైళ్లు దొరకలేదన్నారట. ఆ మూడూ పెఫ్లాక్సాసిన్, లోమెఫ్లాక్సాసిన్, స్పార్‌ఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లే. మందులకు అనుమతి ఇవ్వవచ్చంటూ వేర్వేరు ఊళ్ల నిపుణులు ఇచ్చిన సిఫారసు లేఖలు దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయన్న చోట, జీవితమంతా ఫైళ్లతో గడిపిన మన సభ్యులు పగలబడి నవ్వారు. డ్రాఫ్టు ఎవరు రాసి ఉంటారో మనకు ఒకరు చెప్పాలా! మన దేశ రోగులపై ప్రయోగాలు లేకుండానే ముప్పైకి పైగా మందులకు అనుమతి దక్కిందన్న చోట మాత్రం ఎవరూ నవ్వలేదు. కేంద్రం అనుమతి లేని మిశ్రమ మందులకు (రెండు, మూడు మందులు ఒకే బిళ్లలో కలిపినవి) రాష్ట్రాలు లైసెన్సులు ఇస్తున్నాయని కూడా ఆ సంఘం తప్పుపట్టింది. 2016 మార్చిలో కేంద్రం 344 మిశ్రమ మందులను నిషేధించింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. సుప్రీంకోర్టు ఆదేశంతో మళ్లీ పరిశీలించాక, 2018 సెప్టెంబరులో 328 మందులపై నిషేధం వచ్చింది.

దంత వైద్యం మీద కూడా అంత పట్టుదలగా ఆరా తీయాలని కార్యవర్గం అభిప్రాయం. బ్రిటన్‌లో పార్లమెంటు ఆరోగ్య సంఘం 2023లో దంత సేవలు అందడం లేదని ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీసింది. మనకు అదే ఏడాది 1948 నాటి దంతవైద్యుల చట్టం స్థానంలో జాతీయ దంత కమిషన్ చట్టం వచ్చింది. మంచిదే, కానీ దాని దృష్టి ప్రధానంగా చదువులు, వృత్తి ప్రమాణాల మీద. భీమవరంలో, రాజమహేంద్రవరంలో దంత కళాశాలలున్నా, లంక నుంచి వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో దంత కుర్చీకి, సామగ్రికి, కాంట్రాక్టు వైద్యుడికి నిధులివ్వవచ్చు. మన ప్రాంతంలో ఎక్కడ కుర్చీ ఉంది, ఎక్కడ కుర్చీ ఉండి వైద్యుడు లేడు అన్నది లోక్‌సభలో అడగాలని ఎంపీకి వినతిపత్రం ఇచ్చాం. లిఖిత సమాధానమైనా చాలు, కాగితం చేతికి వస్తే ఆ తరువాత పని మనకు తెలుసు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. చందా బాకీ ఉన్నవారు సంక్రాంతిలోపు కోశాధికారికి చెల్లించగలరు.

కార్యదర్శి