బతుకమ్మల మీది చమ్కీ ఎందుకు తీయించామంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం బడిలో ఆడిన బతుకమ్మ గురించి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజులు నాదాకా వచ్చాయి. టీచర్లు బతుకమ్మలను పాడుచేశారన్నది నిజం కాదు. చెరువుకు బయలుదేరే ముందు వాటికి చుట్టిన చమ్కీ దండలు, థర్మాకోల్ ముక్కలు తీయించాం, అంతే. పూల వరసలు చెదరలేదు. ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లలు ఏడ్చిన మాట వాస్తవమే. చెరువు గట్టు ఎక్కేసరికి వాళ్లు మరిచిపోయారు. పెద్దవాళ్లే ఇంకా మరిచిపోలేదు.

చమ్కీ అంటే పలుచని ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం పూత. రెండింటినీ విడదీయడం కష్టం, అందుకే పాత సామాన్లు కొనేవాళ్లు కూడా దాన్ని ముట్టరు. పూలు నీళ్లలో కుళ్లి కలిసిపోతాయి. చమ్కీ మాత్రం పీచులు పీచులుగా ఊడి అక్కడే ఉంటుంది, గట్టున మేసే గేదెల కడుపులోకీ పోతుంది. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వస్తువుల్లో అలంకరణకు వాడే థర్మాకోల్, ప్లాస్టిక్ జెండాలు ఉన్నాయి. చమ్కీ పేరు అందులో లేదు కాబట్టి దుకాణాల్లో అమ్ముతున్నారు. అమ్మిందల్లా కొనాలని ఎక్కడా లేదు.

అసలు గునుగు పువ్వును ఎండలో దగ్గర పెట్టుకుని చూశారా? దానికే వెండి మెరుపు ఉంటుంది! గుమ్మడాకు పరిచి, రంగులద్దిన గునుగు, తంగేడు, బంతి, కట్లపూలు వరసగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపాక ఇంకేం తక్కువైందని ఆ చమ్కీ? వానలు వెనకబట్టాక పొలం గట్ల మీద ఎవరూ నాటకుండా పూసిన పూలకు మొక్కే పండుగ ఇది. దాన్ని ఫ్యాన్సీ షాపు పండుగ చేసేస్తుంటే నాకు కడుపు మండుతుంది.

ఏడో తరగతి అమ్మాయిలు నలుగురు తెల్లారకముందే అమ్మమ్మలను వెంటబెట్టుకుని గునుగు కోసుకొచ్చారు. వాళ్ల బతుకమ్మ నడుమెత్తు ఉంది, ఒక్క చమ్కీ పోగు లేదు. ఆరో తరగతి పిల్లాడొకడు చేతులు గీరుకుపోయినా చెల్లెలి కోసం సంచెడు తంగేడు తెచ్చి, సైన్స్ టీచరు అడగకుండానే పువ్వు భాగాలన్నీ చెప్పాడు. వాడికి పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా నాకు ఫర్వాలేదు.

మిగతావాటిలో కొన్ని చూస్తే పిల్లల చెయ్యి పడిందా అని అనుమానమొచ్చింది. అమ్మలు రాత్రంతా మేలుకుని పేర్చారు, పిల్లలు పక్కన ఫోను చూసుకున్నారు. మీ ఓపికకు దండం. సద్దుల బతుకమ్మకైనా ఆ ఫోను తీసి, ఒక వరస వాళ్లతో పేర్పించండి. వంకరగా వస్తే రానివ్వండి.

సెలవుల తర్వాత ఎస్ఏ-1 (మొదటి సమ్మేటివ్) పరీక్షలు, టైంటేబుల్ డైరీలో అంటించాం. బస్సు ఫీజు బాకీలు కట్టేయండి.

పేర్లు రాయని ఇత్తడి తాంబాళాలు ఆఫీసులో ఉన్నాయి. తీయించిన చమ్కీ కూడా ఒక సంచిలో అక్కడే ఉంది, కావాలన్నవాళ్లు తీసుకెళ్లవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు