సికిల్ సెల్ పిల్లలకి న్యుమోకాకల్ టీకా ప్రభుత్వమే వేయించాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మన రాష్ట్రంలో పుట్టిన బిడ్డలకి 2021 నుంచి న్యుమోకాకల్ టీకా ఉచితంగా వేస్తున్నారు. ఆరో వారంలో ఒకటి, పద్నాలుగో వారంలో ఒకటి, తొమ్మిదో నెల నిండాక బూస్టర్. ఇదే టీకా ప్రైవేటులో వేయించుకోవాలంటే డోసుకి వేలల్లో అవుతుంది. కూలి చేసుకునే ఇంటి బిడ్డకీ డాక్టరు గారింటి బిడ్డకీ ఒకే రక్షణ దొరకడం ఎంతో మంచి పని. అందుకు సంతోషిస్తూనే, ఆ సూది అందని పిల్లల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. వాళ్లు 2021కి ముందు పుట్టి, సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బుతో బతుకుతున్న మన్యం పిల్లలు.

న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా చాలామంది పిల్లల ముక్కులోనూ గొంతులోనూ ఏ హానీ చెయ్యకుండా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా, మనవాళ్లు నిమ్ము అంటారు. బిడ్డ డొక్కలెగరేస్తూ పాలు తాగడం మానేస్తుంది. రక్తంలో కలిసి మెదడు పొరల దాకా పోతే మెనింజైటిస్. ప్రపంచవ్యాప్తంగా 2015లో ఈ ఒక్క క్రిమి వల్ల అయిదేళ్లలోపు పిల్లలు దాదాపు 2.94 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. అందులో సుమారు 68,700 మంది మన దేశంలోనే. ఏ దేశంలోనూ అంతమంది పోలేదు. మన దేశంలో ఈ టీకా 2017లో హిమాచల్‌లోనూ, బిహార్, ఉత్తరప్రదేశ్‌లలో కొన్ని జిల్లాల్లోనూ మొదలై, 2021 నాటికి గానీ దేశమంతటికీ రాలేదు.

సికిల్ సెల్ ఉన్న బిడ్డకి ఈ క్రిమితో ఉన్న ప్రమాదం వేరు. రక్తంలో తిరిగే ఇలాంటి క్రిములను వడకట్టి చంపేది ప్లీహం. కొడవలిలా వంగిన రక్తకణాలు ఆ ప్లీహంలోని సన్నటి రక్తనాళాల్లో అడ్డుపడి, చాలామందిలో చిన్న వయసులోనే అది పనికిరాకుండా పోతుంది. ఇక రక్తంలోకి న్యుమోకాకస్ చేరితే ఆపేవాడు లేడు. జ్వరం మొదలైన కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు.

నేను మన్యంలోని ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసి రిటైరయ్యాను. మామూలు పిల్లకి ఒళ్లు కాలితే పారాసెటమాల్ వేసి పొద్దున్న చూద్దాం అనుకోవచ్చు. సికిల్ సెల్ పిల్లకి జ్వరం వస్తే వార్డెన్‌కీ మాకూ కంటి మీద కునుకుండేది కాదు. రాత్రిపూట కొండ దిగాలి, బండి దొరకాలి, పీహెచ్‌సీలో కుదరకపోతే పాడేరో నర్సీపట్నమో, అక్కడా కాదంటే విశాఖ. గంటల మీద నడిచే జబ్బుకి మన ఏజెన్సీ దారులు సరిపోవు. అందుకే అక్కడ టీకా విలువ పట్నంలో కన్నా ఎక్కువని నా నమ్మకం.

ఇక ఖర్చు. ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది కదా, ఆసుపత్రి బిల్లు ప్రభుత్వమే కడుతుంది కదా అంటారు. నిజమే. కానీ బిడ్డతో పాటు అమ్మా నాన్నా ఇద్దరూ విశాఖ దిగుతారు. కాఫీ పళ్లు కోసే రోజుల్లో అయితే ఆ ఏడాది చేతికి రావలసిన కూలి పోతుంది. బస్సులు, తిండి, బయట కొనమని రాసే మందులు, ఇంటి దగ్గర వదిలొచ్చిన చిన్నపిల్లల్ని చూసేవాళ్లకి ఇవ్వాల్సింది, వీటికి ఏ కార్డూ పనిచెయ్యదు. షావుకారు దగ్గర వచ్చే పంట మీద అప్పు తెస్తారు. బిడ్డ కోలుకుంటుంది, అప్పు మాత్రం రెండు మూడు పంటల దాకా తీరదు. దేశం మొత్తం మీద చూసినా, 2021-22లో వైద్యానికైన ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే పెట్టారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి.

మెనింజైటిస్ నుంచి బతికి బయటపడిన పిల్లల్లో కొందరికి వినికిడి పోతుంది, కొందరికి మూర్ఛలు మిగులుతాయి. చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టాలంటే లక్షలు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మాట నేర్పించాలి. కొండ మీద ఊళ్లో ఆ మాట నేర్పేవాళ్లెక్కడున్నారు? ఆ బిడ్డ బడి మానేస్తుంది. ఈ నష్టం ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనపడదు.

మరి టీకాకి ఎంతవుతుంది? పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్, పది రకాల న్యుమోకాకస్‌ల నుంచి కాపాడే తన టీకాను 2020లో పేద దేశాల కోసం డోసు 2 డాలర్లకి ఇవ్వడానికి ఒప్పుకుంది. అప్పటి లెక్కన సుమారు 150 రూపాయలు. పెద్ద పిల్లలకి ఏ రకం టీకా, ఎన్ని డోసులు అన్నది నిపుణులు తేల్చాలి. వాళ్లకి వేసే రకం ఇంతకన్నా ఖరీదైనదే కావచ్చు. అయినా ప్రభుత్వం టోకున కొంటే దుకాణం ధర ఉండదు, కావలసింది రాష్ట్రంలో కొన్ని వేలమంది పిల్లలకి.

ఆ పిల్లలు ఎవరో వెతుక్కోనక్కర్లేదు కూడా. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్లలోపు వాళ్లు 7 కోట్ల మందికి రక్తపరీక్షలు చెయ్యాలన్నది లక్ష్యం. మన ఏజెన్సీలో ఆ పరీక్షలు చేశారు, కార్డులిచ్చారు. రాష్ట్రం ఈ జబ్బున్నవాళ్లకి పింఛను కూడా ఇస్తోంది. పేరు, ఊరు, వయసు అన్నీ రిజిస్టర్లలో ఉన్నాయి. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఒకేచోట దొరుకుతారు. ఇంత సులువుగా చేరగలిగే పిల్లల్ని వదిలేయడం నాకు కడుపు రగిలే విషయం. పరీక్ష చేసి "నీకు జబ్బుంది" అని చెప్పిన తర్వాత, ఆ జబ్బులో ప్రాణం తీసే క్రిమి నుంచి కాపాడే బాధ్యత కూడా చెప్పినవాళ్లదే.

టీకాతో పాటు పెన్సిలిన్ సంగతి. సికిల్ సెల్ ఉన్న చిన్నపిల్లలకి రోజూ నోటి ద్వారా పెన్సిలిన్ ఇస్తే ఈ రక్త ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని అమెరికాలో జరిగిన పరీక్ష 1986లోనే తేల్చింది. పాత మందు, చవక మందు. మన సబ్‌సెంటర్లలో అది ఏడాది పొడుగునా దొరకాలి. అయితే యాంటీబయాటిక్స్‌కి లొంగని న్యుమోకాకస్‌లు పెరుగుతున్నాయి కాబట్టి మందు ఒక్కదాని మీదే ఆధారపడితే చాలదు.

2021 తర్వాత పుట్టినవాళ్లకి కూడా ఒక చిక్కుంది. మొదటి రెండు డోసులు తల్లి పుట్టింట్లో ఉండగా పడతాయి. తొమ్మిదో నెలకి ఆమె అత్తవారింట్లో ఉంటుంది, లేదా మొగుడితో పనికి వేరే జిల్లాకి వెళ్లి ఉంటుంది. బూస్టర్ అక్కడ తప్పిపోతుంది. ఇప్పుడు యూ-విన్ అనే ప్రభుత్వ టీకాల ఆన్‌లైన్ నమోదులో పేరుంటే ఏ ఊళ్లోనైనా వేయించుకోవచ్చు. సిగ్నల్ లేని ఊళ్లలో మాత్రం ఇంకా ఆశా కార్యకర్త పుస్తకమే దిక్కు, ఆమెకి కొత్త కోడలు వచ్చిన కబురు చెప్పాలి.

షుగర్, ఊపిరితిత్తుల జబ్బు ఉన్న ముసలివాళ్ల సంగతేమిటని అడగొచ్చు. వాళ్లకీ కావాలి. బ్రిటన్‌లో 65 దాటినవాళ్లకి ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. పసిపిల్లలకి వేస్తే ఇంట్లో పెద్దవాళ్లకీ కొంత రక్షణ వస్తుందని అమెరికా అనుభవం చెబుతోంది. అందరికీ ఒకేసారి కుదరనప్పుడు ప్రాణభయం ఎక్కువ ఉన్నవాళ్లతో మొదలుపెట్టడం న్యాయం.

వైద్య ఆరోగ్య శాఖనీ గిరిజన సంక్షేమ శాఖనీ అడిగేది ఇదే: మిషన్ రిజిస్టర్లలో ఉన్న ప్రతి సికిల్ సెల్ బిడ్డకీ వచ్చే విద్యా సంవత్సరం బడులు తెరవగానే ఈ టీకా వేయించండి. వేసిన తేదీ వాళ్ల సికిల్ సెల్ కార్డు మీదే రాయండి. డబ్బు ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) ద్వారా గిరిజన ఉపప్రణాళిక నుంచి ఇవ్వొచ్చు. పాడేరు, సీతంపేట, రంపచోడవరం ఐటీడీఏ అధికారులు తమ పరిధిలో ఎంతమంది పిల్లలకి టీకా పడిందో, ఎంతమందికి పడలేదో ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని,
నర్సీపట్నం, అనకాపల్లి జిల్లా