నేను నిలబడితే బిడ్డ నిలవదన్నారు: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను విజయవాడలో ఒక బట్టల షోరూంలో బిల్లింగ్ కౌంటర్లో పనిచేసేదాన్ని. ఇప్పుడు ఇంకో షాపులో అదే పని చేస్తున్నాను. పేరు రాయడం లేదు. ఉద్యోగం కావాలి కదా.

షోరూంలో పని ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. పొద్దున పదింటికి షట్టర్ లేస్తే రాత్రి తొమ్మిదిన్నరకు గానీ దిగదు. ఆషాఢం సేల్, వెనకాలే శ్రావణం పెళ్లిళ్లు, ఆ తర్వాత దసరా. కస్టమర్లకు మెత్తటి కుర్చీలుంటాయి. మాకు మాత్రం స్టూలు కూడా ఉండదు. కూర్చుంటే పని చెయ్యనట్టు కనిపిస్తామని మా ఫ్లోర్ మేనేజరు అనేవారు. కనిపించడం గురించే ఆయన బాధంతా.

నా తొలిచూలు అయిదో నెలలో పోయింది. నాలుగు రోజులు ఇంట్లో పడుకుని అయిదో రోజు కౌంటర్లో నిలబడ్డాను. పాలు పడ్డాయి, జాకెట్టు తడుస్తుంటే చున్నీ కప్పుకుని బిల్లులు కొట్టాను. గర్భస్రావమైతే ఆరు వారాలు జీతంతో సెలవు ఉంటుందని నాకు తెలియదు. మేనేజరుకు తెలుసో లేదో నేను చెప్పలేను. తెలిసినా చెప్పకపోయేవారేమో.

రెండోసారి నెల తప్పినప్పుడు డాక్టరమ్మ ముందే స్కాన్ చేసి, గర్భసంచి మూతి పొట్టిగా ఉందన్నారు. బిడ్డ జారకుండా 14వ వారంలో ఆ మూతికి కుట్టు వేశారు. ఆమె అన్న మాట ఒక్కటి ఇప్పటికీ చెవిలో ఉంది: "నువ్వు నిలబడితే బిడ్డ నిలవదమ్మా." రోజంతా మంచం మీదే ఉండాలని కాదు. గంటల తరబడి నిలబడొద్దు, బరువులు ఎత్తొద్దు, మంగళగిరి నుంచి బస్సులో వేలాడుతూ రావొద్దు. అంతే. ఆ అంతే అన్నదే నా ఉద్యోగం మొత్తం.

ఆ చీటీ పట్టుకుని ఆఫీసుకు వెళ్తే, మెటర్నిటీ లీవు డెలివరీకి ఎనిమిది వారాల ముందు నుంచే అన్నారు. అది నిజమే. చట్టంలో మొత్తం 26 వారాల్లో కాన్పుకు ముందు ఎనిమిదికి మించి వాడుకోకూడదు. అంటే 32వ వారం దాకా నేను రావాల్సిందే. కుట్టు పడింది 14వ వారంలో. మధ్యలో 18 వారాలు. వాటికి వాళ్ల దగ్గర ఉన్న పేరు ఒక్కటే: లాస్ ఆఫ్ పే, అంటే జీతం లేని సెలవు. అది కూడా పది రోజులే ఇచ్చారు.

పది రోజులయ్యాక వచ్చి మళ్లీ నిలబడ్డాను. 21వ వారంలో ఒకరోజు మధ్యాహ్నం రక్తం కనిపించింది. కౌంటర్ వదిలి ఆటోలో ఆస్పత్రికి వెళ్లాను. బిడ్డ ఉంది. మరుసటి రోజు మా ఆయన లీవు కాగితం ఇవ్వడానికి వెళ్తే, ఆయన చేతికి ఇంకో కాగితం ఇచ్చారు. "వ్యక్తిగత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను" అని టైపు చేసి ఉంది. కింద నా సంతకానికి చోటు. వ్యక్తిగత కారణం! నేను సంతకం పెట్టాను. బిడ్డ నిలిస్తే చాలనుకున్న మనిషి ఏ కాగితం మీదైనా సంతకం పెడుతుంది సార్.

మా పాప 33వ వారంలో పుట్టింది. కిలో ఎనిమిది వందలు. పదిహేడు రోజులు బాక్సులో పెట్టారు. ఇప్పుడు బాగుంది, ఇంట్లో ఒక్క చోట కూర్చోదు.

అసలు ఈ లేఖ ఎందుకు రాస్తున్నానంటే, చాలా నెలల తర్వాత ఒక సంగతి తెలిసింది. నా జీతం 16,000. నెల నెలా ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) కింద 120 రూపాయలు కోసేవారు, యజమాని వాటా ఇంకో 520. ఈఎస్ఐ అంటే జ్వరమొస్తే మాత్రలిచ్చే చోటనే అనుకున్నాను. మాలో అందరూ అలాగే అనుకుంటారు. కానీ ఈఎస్ఐ ఉన్నవాళ్లు జబ్బు పడి పనికి రాలేకపోతే, ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఈఎస్ఐ ఇస్తుందట. ప్రసూతి సెలవు కాక, గర్భం వల్ల వచ్చిన అనారోగ్యానికి ఇంకో నెల రోజులు పూర్తి జీతంతో ఉందట. ఆ సెలవులో ఉండగా ఉద్యోగం లోంచి తీసెయ్యకూడదని కూడా అప్పుడు అమల్లో ఉన్న 1948 నాటి ఈఎస్ఐ చట్టంలోనే రాసి ఉండేది.

కాగితం తీసుకుని లెక్క వేశాను. 18 వారాలంటే 126 రోజులు. 91కి 30 కలిపితే 121. అయిదు రోజులు తక్కువ, అంతే. యజమాని జేబులోంచి ఒక్క రూపాయి పోయేది కాదు, ఇచ్చేది ఈఎస్ఐ. ఆయన చేయాల్సిందల్లా నా పేరు రిజిస్టర్లో ఉంచడం. రాజీనామా చేశాక నాకు రావాల్సినవి ఇంకా ఏమన్నా ఉన్నాయో లేవో కూడా నేను అడగలేదు. ఎవరిని అడగాలో తెలియలేదు.

చట్టం చెడ్డదైతే ఇంత బాధ ఉండేది కాదు. ఉన్న సెలవును మాకు ఎవరూ చెప్పలేదు. అదీ బాధ. మా షోరూం గోడ మీద ఫ్లెక్సీలకు కొదవ లేదు. "మూడు కొంటే రెండు ఉచితం" అని ఇంటి గుమ్మం అంత అక్షరాలతో పెడతారు. "గర్భిణి ఉద్యోగులకు ఈ సెలవులున్నాయి" అని తెలుగులో ఒక్క బోర్డు, టైమ్ కొట్టే మెషీన్ పక్కన పెట్టమని మీరు ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. మీ ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు రిజిస్టర్లు చూసే ముందు ఆ బోర్డు చూడాలి. రిజిస్టర్లో వెతకాల్సింది కూడా ఒకటుంది: కడుపుతో ఉండగా "వ్యక్తిగత కారణాల వల్ల" మానేసినవాళ్లు ఎంతమంది?

ఇంకొకటి పూర్తిగా మీ చేతిలో ఉన్నది. ఈఎస్ఐ డిస్పెన్సరీలు నడిపేది రాష్ట్రమే. జబ్బు సర్టిఫికెట్ అక్కడి డాక్టరే ఇవ్వాలి. కదలొద్దన్న మనిషి బస్సెక్కి వెళ్లి క్యూలో నిలబడితే తప్ప, కదలకూడదన్న కాగితం రాదన్నమాట. కుట్టు వేసిన ఆడదాని విషయంలో ఆస్పత్రి రిపోర్టు చూసి, భర్తో తల్లో తెచ్చినా సర్టిఫికెట్ రాసిచ్చే ఏర్పాటు చెయ్యండి. ఆశా కార్యకర్తలు ఇళ్లకు వచ్చి చూసి వెళ్తున్న రోజుల్లో ఇది అంత కష్టమా?

నాకైనా ఈఎస్ఐ ఉంది. మా పాత షాపులో అకౌంట్స్ చూసే అక్కకు జీతం పెరిగి 21,000 దాటింది. స్వీట్లు పంచింది. ఆ పరిమితి దాటితే ఈఎస్ఐ ఉండదు, దాంతో పాటు ఆ 91 రోజులూ ఉండవు. మిగిలేది యజమాని ఇవ్వాల్సిన 26 వారాలు, జబ్బుకు ఒక్క నెల. ఆ ఒక్క నెల 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోది. 2017లో 12 వారాల సెలవును 26 చేశారు, దీన్ని మాత్రం ముట్టుకోలేదు. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అనే కొత్త చట్టం వచ్చింది, అందులోనూ ఒక్క నెలే. ఇది ఢిల్లీలో మార్చాల్సింది, నాకు తెలుసు. కానీ రాష్ట్రం నుంచి ఒక ఉత్తరమైనా వెళ్లాలి కదా.

యజమాని మీదే భారం పెడితే ఆడవాళ్లను ఉద్యోగంలోకే తీసుకోరంటారు. అది వాస్తవమే, కాదనను. మా పిన్ని కూతురు మ్యూనిక్‌లో ఉంటుంది. అక్కడ గర్భిణికి పని ప్రమాదమని డాక్టరు రాసిస్తే ఏ నెలలోనైనా ఇంటికి పంపి పూర్తి జీతం ఇస్తారు. ఆ డబ్బు యజమానికి ఒక నిధి నుంచి తిరిగొస్తుంది. ఆడవాళ్లు పనిచేసినా చెయ్యకపోయినా యజమానులందరూ ఆ నిధికి కట్టాల్సిందే. జర్మనీ మనకెందుకంటారేమో. మన ఈఎస్ఐ కూడా నడిచేది అలాగే కదా, 21,000 దగ్గర ఆగిపోతుంది గానీ.

కూర్చునే సంగతి చెప్పి ముగిస్తాను. కేరళలో బట్టల షాపుల ఆడవాళ్లు కొట్లాడితే 2018లో కూర్చునే హక్కు వచ్చింది. తమిళనాడు 2021లో చట్టం మార్చింది. మన షాపుల్లోనూ అది నిజంగా అమలయ్యేలా చూడండి. స్టూలు ఖరీదు ఎంతని? నాకు స్టూలు ఉండి ఉంటే కొన్ని వారాలైనా సెలవు అడిగేదాన్ని కాదు.

"మన అమ్మమ్మలు చేలో నాట్లేస్తూ కనలేదా" అని నాకు షాపులో అన్నారు, ఇంట్లోనూ అన్నారు. మా అమ్మమ్మ నిజంగానే నాట్లేస్తూ ఎనిమిదిమందిని కంది. నలుగురు మిగిలారు. ఆ మిగతా నలుగురి ఊసు ఈ మాట అనేవాళ్లు ఎత్తరు.

ఎక్కువమంది పిల్లల్ని కనమని ముఖ్యమంత్రి గారు 2024 నుంచి చెబుతున్నారు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన తీసేశారు. ఎన్నో కాన్పు అని చూడకుండా ప్రభుత్వ ఉద్యోగినులకు ప్రసూతి సెలవు ఇస్తామని 2025లో ప్రకటించారు. మంచిదే. ప్రైవేటులో మాకు ఇద్దరు పిల్లలుంటే మూడో కాన్పుకు 12 వారాలే. నేనైతే రెండోదాని గురించే ఇంకా నిర్ణయించుకోలేదు. మళ్లీ కుట్టు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పారు.

పోయిన వారం చీరల సెక్షన్ అమ్మాయి ఒకతి బాత్రూం దగ్గర నన్ను ఆపి, "అక్కా, మూడో నెల, కుట్టు వెయ్యాలన్నారు, ఏం చెయ్యాలి" అని అడిగింది. బిల్లు రోల్ చింపి వెనక "ఈఎస్ఐ, 91 రోజులు, రాజీనామా మీద సంతకం పెట్టకు" అని రాసిచ్చాను. డిస్పెన్సరీకి ఎలా వెళ్తావని మాత్రం అడగలేకపోయాను.

ఇట్లు,
ఒక బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగిని,
విజయవాడ