మా పిల్లల ఇంగ్లీషులో వాళ్ల ఇళ్లేవి?

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా టెక్కలికి కొంచెం దూరంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఇరవై రెండేళ్ల సర్వీసు. గత నెల ఏడో తరగతి పిల్లలను 'మై హౌస్' గురించి పది వాక్యాలు రాసుకురమ్మన్నాను. ముప్పై నాలుగు నోటు పుస్తకాలు వచ్చాయి. ఇరవై తొమ్మిదింటిలో డ్రాయింగ్ రూమ్ ఉంది. దాదాపు అన్నింటిలోనూ ఇంటి ముందు గార్డెన్, అందులో రోజా మొక్కలు. గైడులో ఉన్నది ఉన్నట్టు దింపేశారు.

ఈ పిల్లల ఇళ్లు నాకు బాగా తెలుసు. 2011 జనాభా లెక్కలకు ముందు, 2010లో ఇళ్ల జాబితా రాయడానికి ఈ వీధుల్లో గడప గడపకీ తిరిగిన ఎన్యూమరేటర్‌ని నేను. బదిలీల మీద అటూ ఇటూ తిరిగి మళ్లీ ఇక్కడికే వచ్చాను. అప్పుడూ ఏ ఇంట్లోనూ డ్రాయింగ్ రూమ్ చూడలేదు, ఇప్పుడూ లేదు. అసలు ఆ మాటకు అర్థమేమిటని అడిగితే, బొమ్మలు గీసుకునే గది అన్నాడొక పిల్లాడు. వాడి తప్పేముంది? భోజనం అయ్యాక పక్కకు వెళ్లి కూర్చునే 'విత్‌డ్రాయింగ్ రూమ్' పొట్టిదై డ్రాయింగ్ రూమ్ అయిందని వాడికి మనం ఎప్పుడైనా చెప్పామా?

ఒకమ్మాయి మాత్రం నాలుగు వాక్యాలు రాసి ఆపేసింది. 'గదికి నాలుగు మూలలు ఉంటాయి' అనే ఇంగ్లీషు వాక్యం దగ్గర ఆగిపోయింది. ఎందుకమ్మా అంటే, "మా ఇంటికి మూలల్లేవు కదా మేడమ్, ఏటి రాయాలి?" అంది.

వాళ్లది చుట్టిల్లు. అమ్మమ్మ దగ్గర ఉంటుంది. గుండ్రంగా మట్టిగోడ, పైన తాటాకు కప్పు. చూరు నా నడుము దాకా దిగి ఉంటుంది, వంగితే తప్ప లోపలికి వెళ్లలేం. మా తీరంలో పెద్దలు గాలివానకు తట్టుకునేలా ఆలోచించి కట్టుకున్న ఇళ్లవి. గాలికి దొరకడానికి మూలే ఉండదు, పక్కనుంచి జారిపోతుంది. ఇంత తెలివైన ఇంట్లో ఉన్న పిల్ల, తన ఇంటి గురించి రాయడానికి మాట లేక పెన్ను కింద పెట్టేసింది.

'రౌండ్' అని రాయమన్నాను. సంతోషంగా రాసింది. "మరి చూరుని ఏమంటారు మేడమ్?" అంది. 'ఈవ్స్' అని బోర్డు మీద రాశాను. ఇరవై రెండేళ్లలో ఆ మాట బోర్డు మీద రాయడం అదే మొదటిసారి. సోఫా, కర్టెన్, బాల్కనీ ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు గైడు పక్కన పెట్టి, ఇళ్ల జాబితాలో మేం నింపిన ప్రశ్నలు గుర్తు తెచ్చుకుని బోర్డు మీద రాశాను. నేల దేనితో చేశారు, గోడ దేనితో కట్టారు, పైకప్పు ఏమిటి. ఈ మూడింటితోనే రెండు పీరియడ్లు గడిచిపోయాయి. పిల్లలను వీధిలోకి తీసుకెళ్లాను. తాటాకు ఇల్లు 'థ్యాచ్డ్'. కుమ్మరి చేసిన గూనపెంకు 'హ్యాండ్‌మేడ్ టైల్స్', బెంగుళూరు పెంకు 'మెషిన్‌మేడ్ టైల్స్'. రేకుల ఇల్లు, శ్లాబు ఇల్లు ఎలాగూ తెలుసు. లోపలికి వెళ్లాక వాసాలు 'ర్యాఫ్టర్స్' అయ్యాయి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనే మాట విన్న పిల్లలే కదా, అక్కడే పైకి చూసి ఒకటి, రెండు అని ఇంగ్లీషులో లెక్కపెట్టారు. అటక 'లాఫ్ట్', గడప 'థ్రెషోల్డ్', పెరడు 'బ్యాక్‌యార్డ్'.

జనాభా లెక్కల్లో గది అంటే కనీసం రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉండాలి. వంటగది, వసారా లెక్కలోకి రావు. ఈ సంగతి చెప్పగానే టైలర్ కొడుకు ఇంటికి పరిగెత్తి టేపు తెచ్చాడు. లెంత్, విడ్త్, హైట్ నేను నేర్పక్కర్లేకుండానే వచ్చేశాయి.

అరుగు దగ్గర మాత్రం ఆగాం. మామూలు ఇంగ్లీషులో దానికి సరైన మాట లేదు, ఎందుకంటే ఆ దేశంలో అరుగు లేదు. కానీ మన దగ్గర పనిచేసిన ఇంగ్లీషువాళ్లు పోర్చుగీసు నుంచి 'పయల్' అనే మాట తెచ్చుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో అరుగు మీద నడిచిన వీధిబడులను 'పయల్ స్కూల్స్' అన్నారు. బంగళా, కచ్చా, పక్కా మన దేశం నుంచే ఇంగ్లీషులోకి వెళ్లాయి. గోడౌన్ మాటకు మూలం వెతికే నిఘంటువులు మన గిడ్డంగినీ చూపిస్తాయి. అది విన్నప్పుడు పిల్లల ముఖాలు చూడాల్సింది.

ఏడో తరగతికి ఇన్ని మాటలు ఎందుకు, పరీక్షలో రావు కదా అని తోటి టీచర్లు అన్నారు. వాళ్లకు నా సమాధానం ఒక్కటే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఇళ్ల నష్టం రాసుకుంటున్నప్పుడు కచ్చానా పక్కానా, పూర్తిగా పోయిందా కొంత పోయిందా అన్న మాటలను బట్టే పరిహారం. ఒక తండ్రి కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. 'పార్షియల్లీ' అని ఉంది. ఆయన ఇంటి నడిమి దూలం విరిగి కప్పంతా కూలిపోయింది, గోడలు నిలబడ్డాయంతే. ఆ మాటకు అర్థం చెప్పేదాకా ఆయనకు తన ఇంటి గురించి ఏం రాశారో తెలియదు. ఆయన కొడుకు అప్పుడు తొమ్మిదో తరగతి, నా దగ్గరే చదువుతున్నాడు. 'మై హౌస్' వ్యాసం అప్పజెప్పమంటే గడగడా చెప్పేవాడు. ఆ కాగితం మాత్రం చదివి నాన్నకు చెప్పలేకపోయాడు.

మా పిల్లలు ఇంటర్ అయ్యాక హైదరాబాదో చెన్నైయో వెళ్తారు. అక్కడ గది కావాలంటే అడ్వాన్స్, డిపాజిట్, షేరింగ్, నోటీస్ పీరియడ్ అన్నీ తెలియాలి. రెంటల్ అగ్రిమెంటులో 'టెనెంట్' అంటే తానే అని తెలియకుండా సంతకం పెట్టిన పాత విద్యార్థి నాకు ఫోన్ చేశాడు. ఈ మాటలూ ఇంటి పాఠంలోవే, తొమ్మిది, పది తరగతుల్లో చెప్పాల్సినవే.

పాఠ్యపుస్తకాలు తయారు చేసేవారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు పిల్లల చేతుల్లో ఉన్నాయి. ఇల్లు గురించిన పాఠంలో పెంకుటిల్లు, చుట్టిల్లు, మండువా లోగిలి, తండా ఇల్లు, రేకుల ఇల్లు బొమ్మలు వేసి, వాటి భాగాలకు రెండు భాషల్లో పేర్లు రాయండి. పేపర్లు దిద్దే ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. పిల్లలు గైడులోని గార్డెన్ రాస్తే ఎన్ని మార్కులు వేస్తారో, ఒకటి రెండు తప్పులతోనైనా తమ ఇంటి గురించి సొంతంగా రాస్తే అంతకంటే ఎక్కువ వేయండి.

ఆ అమ్మాయి మిగిలిన ఆరు వాక్యాలూ పూర్తి చేసింది. 'మా ఇంటికి మూలలు లేవు. చూరు కింద మా కోళ్లు పడుకుంటాయి' అని ఇంగ్లీషులో రాసింది. రెండో వాక్యంలో క్రియ తప్పు పోయింది, దిద్దాను. పదికి తొమ్మిది వేశాను.

ఇట్లు,
ఒక ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంట్,
శ్రీకాకుళం జిల్లా